ఒక్క జలుబు కోసం

మైదుకూరు,
12 జూన్ 2024

చిరంజీవి యామినిని, మీ నాయనను కన్న తల్లి, అంటే నీ జేజి నాగలక్ష్మమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ఎండ కూడా క్షేమంగానే ఉంది. జూన్ సగానికి వస్తున్నా పోయే ఆలోచనలో లేదు.

జేజి ఫోనెత్తదని మీ నాయనతో చాడీలు చెప్పావట. ఫోన్లో నువ్వు "ఊ" అంటావు, నేను "ఊ" అంటాను, మధ్యలో నీ కుక్కరు మాట్లాడుతుంది. ముప్ఫైనాలుగేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి హెడ్మిస్ట్రెస్‌గా దిగినదాన్ని. కాగితం మీద పెట్టని మాటను నేను మాటగా లెక్కించను.

ఇక విషయం. నిరుడు నువ్వు వచ్చినప్పుడు, మీ ఆయన ఎడ్మండప్ప మిద్దె మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు, గుర్తుందా? పాడలేదు, సవరించుకున్నాడంతే. కింద వాటాలో ఉండే దాదాపీర్ పరుగున బయటికొచ్చి, తన కారును ఎవరు స్టార్ట్ చేశారోనని చూశాడు. ఆ రోజు నుంచి వీధిలో మన అల్లుడు మహాగాయకుడని నేనే ప్రచారం చేశాను. నిన్న ఎదురింటి వెంకటలక్ష్మమ్మ వాకిట్లో నిలబడి, నలుగురూ వింటుండగా అడిగింది: "నాగలక్ష్మక్కా, మీ మనవరాలి మొగుడు పెద్ద పాటగాడంటివి. నా కోడలు సెల్లులో ఎంత ఎతికినా యాడా కనపడల్యా. పాడని పాటగాడా ఏంది?"

నాకు జవాబు దొరకలేదు. నాకు జవాబు దొరకకపోవడం ఈ వీధి చరిత్రలో ఇదే మొదలు. కాబట్టి మీ ఆయన పుట్టుపూర్వోత్తరాలు, చేసిన వేషాలు, ప్రస్తుత ఉద్యోగం, అన్నీ వరసగా రాయి. దాచకు.

నీ జేజి

*

యార్క్,
30 జూన్ 2024

జేజీ, నీ కాళ్ళకు దండం.

దాచడానికేమీ లేదు, చెప్పుకోవడానికే కొంచెం తక్కువుంది.

ఇక్కడి సంగీత నాటకంలో మాటలుండవు, అంతా పాటే. సన్న గొంతు మగవాడికి నాయిక దక్కుతుంది. బాగా లావు గొంతువాడు రాజో, గురువో, దేవుడో అవుతాడు. మధ్య గొంతువాణ్ణి బారిటోన్ అంటారు. వాడు నాయికకు తండ్రి అవుతాడు, లేకుంటే ఆమె మీద కన్నేసిన దుర్మార్గుడు అవుతాడు. ఏదైనా సరే, చివరి అంకంలో కత్తిపోటు తప్పదు. ఎడ్మండ్ బారిటోన్.

వాళ్ళ నాన్నకు మాంసం కొట్టు. తొమ్మిదేళ్ళప్పుడు చర్చి పాటల బృందంలో చేరాడు. పదమూడో ఏట, ఒక ఆదివారం ప్రార్థన మధ్యలోనే గొంతు మారి పాతాళానికి పోయింది. పిల్లలంతా నవ్వారట, ఫాదరు మాత్రం నవ్వకుండా సంగీత కళాశాలకు ఉత్తరం రాసిచ్చారు. మొదటి వేషం బంట్రోతు. "దొరా, ఉత్తరం వచ్చింది" అని పాడాలి. అద్భుతంగా పాడాడు. ఉత్తరం తేవడం మరిచిపోయాడు. తర్వాత రెండో సిపాయి, మూడో తాగుబోతు, ఒక ఏడాది తెర వెనక ఉరుము.

ఆరేళ్ళుగా లయొనెల్ క్రాబ్‌ట్రీ అనే పెద్ద గాయకుడికి బదులు గాయకుడు. "ఉప్పుదీవి గవర్నరు" అనే నాటకంలో గవర్నరు వేషం ఆయనది. ఆయనకు జబ్బు చేస్తే ఆ రోజు ఎడ్మండ్ పాడాలి. పాత్ర మొత్తం కంఠతా వచ్చు. పొడిపించుకున్నాక పదకొండు నిమిషాలు పాడి చనిపోవాలి. రోజూ సాయంత్రం మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన చనిపోతాడు, నేను కూరగాయలు తీసుకోవాలంటే దాటుకుని పోతాను.

ఆరేళ్ళలో లయొనెల్‌కు ఒక్క తుమ్ము కూడా రాలేదు.

మార్చి 29తో ఎడ్మండ్ ఒప్పందం అయిపోతుంది. ఈలోపు ఒక్కసారైనా గవర్నరుగా స్టేజీ ఎక్కకపోతే పాట మానేసి, వాళ్ళన్న తివాచీల కొట్లో కొలతలు తీసే పనికి పోతానన్నాడు. వాళ్ళన్న అప్పుడే పేరు కుట్టించిన చొక్కా కూడా తెచ్చిచ్చాడు. ఆ మాట చెప్పి నవ్వాడు జేజీ. నవ్విన తీరు నాకు నచ్చలేదు.

నీ యామిని

*

మైదుకూరు,
22 జూలై 2024

యామినీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయన ఉద్యోగం నాకు బాగా అర్థమైంది. మన ఎలక్షన్లలో అసలు మనిషి నామినేషను చెల్లకపోతే ఉండనీ అని, పెళ్ళాం చేతో బావమరిది చేతో ఇంకొకటి వేయిస్తారు చూడు. డమ్మీ అభ్యర్థి. ఎడ్మండప్ప ఆరేళ్ళుగా డమ్మీ అభ్యర్థి. వెంకటలక్ష్మమ్మకు ఇదే చెప్పాను. ఆమె మరిది ఇరవై ఏళ్ళు ఆ పని మీదే బతికాడు కనుక గౌరవంగా తల ఊపింది.

పదకొండు నిమిషాల చావు గురించి నువ్వు సిగ్గుపడనక్కర్లేదు. మీ జేజినాయన, అంటే మా ఆయన, నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కర్నూలులో పద్యనాటకాలు చూపించేవాడు కదా. పద్యం బాగుంటే "ఒన్స్ మోర్" అని అరిచేవాడు. చచ్చి పడున్న కౌరవుడు లేచి, పంచె దులుపుకుని, అదే పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడు. ఒకసారి మీ జేజినాయన పుణ్యమా అని ఒకే మనిషి నాలుగుసార్లు చచ్చాడు. కళ అంటే అదీ.

తివాచీల కొట్టు మాట మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. దేవుడు కారు ఇంజనులాంటి గొంతు ఇస్తే నేలను కొలుస్తూ కూర్చుంటాడా? అందుకని అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నాను. పెద్ద కోరిక కాదు. ఆ లయొనెల్ చావనక్కర్లేదు, కాలు విరగనక్కర్లేదు. ఒక్క జలుబు. ఒక్కరోజుకు చాలు. తీరితే నా తలవెంట్రుకలు ఇచ్చేస్తాను. డెబ్బయ్యారేళ్ళకు కూడా నడుము దాకా ఉన్న ఈ జడను చూసి వెంకటలక్ష్మమ్మ ఎంత కుళ్ళుకుంటుందో నీకు తెలుసు. ఆమెకు కూడా కొంత శాంతి.

జేజి

*

యార్క్,
11 ఆగస్టు 2024

జేజీ,

ఆ మొక్కు వెంటనే వాపసు తీసుకో. ఆసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగం నాది. నా సొంత జేజి ఒక పెద్దాయనకు జబ్బు రావాలని మొక్కితే నాకు అన్నం దిగుతుందా? లయొనెల్ చెడ్డవాడు కాదు. అరవయ్యొక్కేళ్ళు, పెళ్ళాం పిల్లలు లేరు. రోజూ పొద్దున్నే చన్నీళ్ళ నదిలో ఈదుతాడు. మాకు మంచి జరగాలంటే వేరేలా జరగాలి. మానేశానని రాస్తేనే నా మనసు కుదుటపడుతుంది.

యామిని

*

మైదుకూరు,
30 ఆగస్టు 2024

యామినీ,

సరే, మానేశాను. పెద్దల మాట పిల్లలు వినని కాలంలో పిల్లల మాట పెద్దలైనా వినాలి.

దాదాపీర్ కూతురు షాహనాకు డిగ్రీలో సీటొచ్చింది. దానికి ఇంగ్లీషు చెబుతున్నాను. తెలివైన పిల్ల, నా తప్పులు కూడా పట్టుకుంటోంది, ఆ అలవాటు ఇంకా మాన్పించాలి.

ఊరికే అడుగుతున్నాను, లోకజ్ఞానం కోసం: ఆ లయొనెల్ గారి పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, వీలైతే పుట్టిన వేళ రాయి. షాహనాకు ఇంగ్లీషు పేర్లు పలకడం నేర్పాలి.

జేజి

*

యార్క్,
2 డిసెంబరు 2024

జేజీ,

లయొనెల్ వివరాలు పోయిన ఉత్తరంలో పంపాను, షాహనాకు పనికొచ్చాయని తలుస్తాను. పుట్టిన వేళ అడగడానికి సిగ్గేసింది కానీ ఆయనే సంతోషంగా చెప్పాడు.

ఇక్కడంతా జ్వరాలు. పోయిన వారం సన్న గొంతాయన పడిపోయాడు, నాయిక పడిపోయింది, వాద్యబృందంలో పదకొండు మంది పడిపోయారు. బృందాన్ని నడిపే పెద్దాయన తుమ్ముతూ కర్ర ఊపితే, ఆ తుమ్మునే తాళమనుకుని డోలువాడు వాయించాడు. స్టేజీ మీద నిటారుగా నిలబడ్డవాడు ఒక్క లయొనెల్. ఏం మాయో తెలియదు, సెప్టెంబరు నుంచి ఆయన వెలిగిపోతున్నాడు. మోకాలి నొప్పి పోయిందట. రాజధానిలో ఏదో పతకం ఇచ్చారు. పత్రికల వాళ్ళు ఇరవై ఏళ్ళ కుర్రాడిలా పాడాడని రాశారు. అన్నిటికన్నా వింత, బట్టతల మీద జుట్టు మొలుస్తోంది. చూశాను, నిజమే. గోధుమ నారులా ఉంది.

ఎడ్మండ్ నిన్న తివాచీల కొట్టు చొక్కా వేసుకుని చూసుకున్నాడు. సరిపోయింది. అదే బాధ.

యామిని

*

మైదుకూరు,
18 జనవరి 2025

యామినీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. ఎడ్మండప్పకు చదివి వినిపించకు.

నేను మొక్కు మానలేదు. మానేశానని రాసింది నీ మనసు కుదుటపడటానికి. నీ మనసు కుదుటపడింది కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు.

భూగోళం అవతల ఉన్న లయొనెల్ ఎవరో స్వామికి ఎలా తెలుస్తుందని ఆలోచించాను. దరఖాస్తులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ లేకుండా ఏ ఆఫీసులో పని జరిగింది? అందుకని సెప్టెంబరు నుంచి ప్రతి స్వాతి నక్షత్రం నాడు దాదాపీర్ కారులో అహోబిలం పోయి, లయొనెల్ పేరున అర్చన చేయిస్తున్నాను. గోత్రం తెలియదంటే విష్ణు గోత్రం అన్నారు. లయొనెల్ అంటే సింహంపిల్ల అని అర్థం చెప్పేసరికి అయ్యవారు మురిసిపోయి, "మన స్వామివారి పేరే కదమ్మా" అని, కొండ దద్దరిల్లేలా ఆ పేరు చదివారు. అయిదు స్వాతులు. నేను పక్కన చేతులు జోడించి, ఒక్క జలుబు, ఒక్క జలుబు అనుకుంటూ నిలబడ్డాను.

నిన్న తిరిగి వస్తుంటే ఆళ్ళగడ్డ దాటాక దాదాపీర్ నసిగాడు. "అమ్మా, నాకు తెల్వక అడుగుతాండా. ఏమనుకోగాకు. ఆ సామి గట్టిగా సదువుతాడే, ఆయురారోగ్యం, ఐశ్వర్యం, విజయం అని, అది ఆ పేరుగలాయన బాగుండాలనే గదా?"

"అవును," అన్నాను.

"నువ్వేమో ఆయప్ప పడకేయాలని ఇంత దూరం వస్తాండావు."

నేను అర్చన చీటీ మడిచి సంచిలో పెట్టాను.

"అంటే అయిదు నెల్లుగా మనమిద్దరం శానా కష్టపడి ఆయప్పను గట్టి చేస్తాండాం. ఆరోగ్యం కోరి రాయించే చీటీలో రోగం కోరినోళ్ళు యాడన్నా ఉండారా అమ్మా?"

మైదుకూరు వచ్చేదాకా వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాను. ఎం.ఏ. చదివినదాన్ని. సంస్కృతం కూడా కొంత వచ్చినదాన్ని. ఆ మోకాలు నేనే బాగుచేశాను. ఆ పతకం నేనే ఇప్పించాను. ఆ నెత్తి మీద నారు నేనే పోశాను. మీ ఆయన కడుపు నేనే కొట్టాను.

నన్ను తిట్టాలనుకుంటే పూర్తి వాక్యాల్లో తిట్టు.

జేజి

*

యార్క్,
19 జనవరి 2025

నా బంగారు జేజీ,

నువ్వు పంపిన చెనిక్కాయల పొడి అందింది. డబ్బా మూత వదులుగా ఉందని కింద మడిచి పెట్టావే, ఆ కాగితం విప్పి చూస్తే అహోబిలం అర్చన చీటీ. లయొనెల్ పేరున. నేను వంటింట్లోనే కూలబడి ఏడ్చాను. మొక్కు మానమంటే మానడమే కాకుండా, చెడు కోరినందుకు పరిహారంగా ఆయన క్షేమం కోసం పూజలు చేయిస్తున్నావా? ఒక్క ముక్కయినా చెప్పలేదే. నీ నోరు చూసి నీ మనసును తక్కువ అంచనా వేశాను, క్షమించు.

ఆగలేక చీటీ తీసుకుపోయి లయొనెల్‌కే చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా ఆరోగ్యం కోరినవాళ్ళు ఇంతవరకు బీమా కంపెనీ వాళ్ళొక్కరే" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడా చీటీని గవర్నరు కోటు లోపలి జేబులో పెట్టుకుని స్టేజీ ఎక్కుతున్నాడు. నిన్ను చూడటానికి మే నెలలో వస్తాడట. మేలో వద్దని చెప్పాను. ఎండ అంటే ఇష్టమట.

నీ యామిని

*

మైదుకూరు,
3 ఫిబ్రవరి 2025

యామినీ,

నేను 18న రాసిన ఉత్తరం అందితే విప్పకుండా పొయ్యిలో వేయి. మీకు పొయ్యి లేకపోతే కొనుక్కో.

అందిపోయి ఉంటే, చదివి ఉంటే, అది షాహనా రాసిందని అనుకో.

ఆ చీటీ జేబులో ఉన్నంతకాలం ఆయనకు జలుబు కాదు కదా, ఆవులింత కూడా రాదు. నేనిక నోరు మూసుకుంటున్నాను. ఇది మొదటిసారి కావడం వల్ల ఎలా మూసుకోవాలో తెలియడం లేదు.

జేజి

*

యార్క్,
30 మార్చి 2025

జేజీ,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. పొయ్యి కొనలేదు. ఎడ్మండ్‌కు చదివి వినిపించాను. నీ మాట వినలేదు కాబట్టి ఇప్పుడు మనం సమానం. అతను నవ్వి నవ్వి ఫ్రిజ్ పక్కన పడ్డాడు, పాట లేకుండా పడటం అదే మొదలు. తర్వాత లేచి, "లయొనెల్‌కు నిజం చెప్పాలి" అన్నాడు. మాంసం కొట్టువాడి కొడుకు కదా, తూకంలో మోసం చేతకాదు.

చెప్పాడు. లయొనెల్ నవ్వలేదు. ఆలోచించి ఇలా అన్నాడట: "నలభై ఏళ్ళుగా నా వెనక నిలబడ్డవాళ్ళు నా కాళ్ళు విరగాలనుకున్నారు, నడుము విరగాలనుకున్నారు. ఒకడైతే నేనెక్కిన ఓడ మునగాలనుకున్నాడు. ఒక్క జలుబు చాలని ఇంత మర్యాదగా ఎవరూ అడగలేదు." అంతే, వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నెలకు పైగా రోజూ దిట్టంగా పాడుతూనే ఉన్నాడు. మేము ఆశ వదులుకున్నాం.

నిన్న ఆఖరి ఆట. ఎడ్మండ్ తివాచీల చొక్కా సంచిలో పెట్టుకుని పోయాడు, అటునుంచి అటే అన్న ఇంటికి పోదామని. మధ్యాహ్నం రెండింటికి లయొనెల్ ఆఫీసుకు ఫోన్ చేశాడు: "నాకు జలుబు చేసింది."

జేజీ, ఎడ్మండ్ పాడాడు. మొదటి అంకంలో కోటు గుండీలు తడుముకోవడం నాకు కనిపించింది. రెండో అంకంలో నాకేమీ కనిపించలేదు, నా కళ్ళు అలా ఉన్నాయి. చివర పొడిపించుకుని, పదకొండు నిమిషాలు, రోజూ నేను ఉల్లిపాయలు తరుగుతూ విన్న పాటే. అక్కడ ఫ్రిజ్ లేదు, పెద్ద చీకటి ఉంది, అందులో ఆ గొంతు. పాడి, పడిపోయాడు.

నేను లేచి నిలబడి "ఒన్స్ మోర్" అని అరిచాను.

కావాలని అరవలేదు. జేజినాయన అరిచాడు, నా నోటితో. రెండు వేల మంది నా వైపు తిరిగారు. పక్కనున్న ముసలామె నా చేయి పట్టుకుని కూర్చోబెట్టబోయింది. అప్పుడు ఆఖరి వరసలోంచి, మెడకు మఫ్లరు చుట్టుకుని దాక్కున్న మనిషి ఒకడు లేచి, గోడలు అదిరేలా "ఒన్స్ మోర్" అన్నాడు. జలుబు చేసిన లయొనెల్. ఆ గొంతులో ఎక్కడా జలుబు లేదని హాల్లో అందరికీ తెలిసిపోయింది, మేనేజరుతో సహా.

ఎడ్మండ్ ఒక కన్ను తెరిచాడు. నేను చదివి వినిపించిన నీ కౌరవుడు గుర్తొచ్చినట్టుంది. లేచాడు. కోటు దులుపుకున్నాడు. బృందం పెద్దాయన వేరే దారి లేక కర్ర ఎత్తాడు. మళ్ళీ పాడి మళ్ళీ చనిపోయాడు. ఈసారి ఇంకా బాగా చనిపోయాడు.

ఈ పొద్దున ఒప్పందం రెండేళ్ళు పొడిగించారు. నిజమైన వేషాలు. తివాచీల చొక్కాతో ఇప్పుడు ఫ్రిజ్ తుడుస్తున్నాను.

నాకు సెలవు దొరకలేదు. మేలో ఎడ్మండ్, లయొనెల్ ఇద్దరే వస్తున్నారు. నీ మొక్కు సంగతి నువ్వూ స్వామీ తేల్చుకోండి.

నీ యామిని

*

మైదుకూరు,
20 మే 2025

చిరంజీవి యామినికి,

మీ వాళ్ళిద్దరూ నిన్న విమానమెక్కారు. చేరాక వాళ్ళు చెప్పే కథల పక్కన నా వాంగ్మూలం కూడా ఉండాలని ఇది రాస్తున్నాను.

మొదట అహోబిలం పోయాం. లయొనెల్ గారి ఎదురుగా నిలబడి క్షమాపణ చెప్పాను, ఇంగ్లీషులో, కర్మణి వాక్యాలు వాడకుండా. ఆయన నా చెయ్యి పట్టుకుని, తన మోకాలు వంచి చూపించాడు. ఆ తర్వాత మొక్కు చర్చ వచ్చింది. "దొంగ జలుబు కదమ్మా," అన్నాడు దాదాపీర్, "దొంగ జలుబుకు జడంతా యాడిస్తావు. మూడు కత్తెర్లు సాలు." నాకూ న్యాయంగానే తోచింది. మూడు కత్తెరలు ఇచ్చి, మిగిలిన జడ చుట్టుకుని వచ్చేశాను. లయొనెల్ గారు మాత్రం, జుట్టు మొలిచింది ఇక్కడి అర్చనల వల్లే కనుక ఇక్కడే ఇచ్చేస్తానని పట్టుబట్టి, నున్నగా గీయించుకున్నాడు. కొండ దిగే ముందు ఎడ్మండప్ప స్వామి వైపు తిరిగి ఒక పాట పాడాడు. ఈసారి దాదాపీర్ తన కారు వైపు చూడలేదు.

అక్కడితో ఆపితే బాగుండేది. నేను కళ్యాణమండపం మాట్లాడి, ఎడ్మండప్ప నిలువెత్తు ఫోటోతో ఫ్లెక్సీ కట్టించి, ఊరందరినీ పాటకు పిలిచాను. ముందు వరసలో వెంకటలక్ష్మమ్మకు కుర్చీ వేయించాను. ఆమె ముఖం చూడాలని ఏడాదిగా కాచుకుని ఉన్నాను మరి. ఆ మధ్యాహ్నం మీ ఆయన, ఎండకు తాళలేక, ఐసు వేసిన నన్నారి షర్బత్ ఏడు గ్లాసులు తాగాడు. సాయంత్రానికి ముక్కు కారింది. గొంతు మూసుకుపోయింది. నిఖార్సయిన, కళ్ళు ఎర్రబడిన, ఏ మేనేజరూ శంకించలేని జలుబు.

ఎడ్మండప్పకు బదులుగా లయొనెల్ పాడాడు. పతకాలాయన, నా ఊళ్ళో, డమ్మీ అభ్యర్థి. గంటసేపు పాడాడు, జనం "ఒన్స్ మోర్" అంటూ నాలుగుసార్లు చంపించారు. మీ ఆయన ముందు వరసలో మిరియాల పాలు పట్టుకుని, గొంతు లేకపోయినా అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. అయిపోయాక వెంకటలక్ష్మమ్మ నా దగ్గరికి వచ్చి, ఫ్లెక్సీని, స్టేజీని మార్చి మార్చి చూసింది. "శానా బాగా పాడినాడక్కా మీ అల్లుడు. పాపం, రెండేళ్ళకే ఇంత ముసలోడైపాయనే. జుట్టంతా పాయనే."

ఫ్లెక్సీ విప్పించి ఇంటికి తెచ్చుకున్నాను. ఏమని ఖండించేది?

రాత్రంతా ఆలోచించాను. నేను స్వామిని ఒక్క జలుబు అడిగాను. ఇచ్చాడు. ఎవరికన్నది అర్చన చీటీల్లో నేనే కలగాపులగం చేశాను, అది నా తప్పు, ఆయనది కాదు. మూడు కత్తెరలతో తప్పించుకోవడం ఇక కుదరదు. ఇవాళ పొద్దున దాదాపీర్ కారు తీశాడు, మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చాం. వెంకటలక్ష్మమ్మ వాకిట్లోనే ఉంది, నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఆమెకు శాంతి కలిగింది.

చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని నా తల దువ్వేదానివి, ఆ కొయ్య దువ్వెన ఈ కవరులోనే పెడుతున్నాను. నువ్వు వాడుకో. నాకిప్పట్లో దానితో పని లేదు.

తల తేలికైన నీ జేజి